ఎగరని రోజులూ రాసుకున్న మామయ్య

మామయ్య పోయాడని సైదా బాబాయి ఫోన్ చేసి చెప్పగానే నా నోట వచ్చిన మొదటి మాట, "ఎక్కడ పడింది?" అని.

సైదా బాబాయి, "ఏం పళ్ళేదమ్మా. విమానం షెడ్డులోనే ఉంది. అన్న కుర్చీలో కూర్చునే పోయాడు," అన్నాడు.

ఇది జరిగి నెల కూడా కాలేదు. ఆయన పోయాడన్న సంగతి నాకింకా పూర్తిగా తలకెక్కలేదు. నేనడిగిన ఆ మాట మాత్రం రోజూ గుర్తొస్తూనే ఉంది.

నేను విమానాలు నడిపి బతికే మనిషిని. ఒక ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ని. ఆ పొద్దున ఢిల్లీ నుంచి వచ్చి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టు బయట సిబ్బంది వ్యాన్‌లో కూర్చుని ఉన్నాను. మామయ్య మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. మాచర్లలో నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ ఆయనది. దుర్గి దాటాక సొంత మెట్టచేలో ఒక మట్టి రన్‌వే, ఒక రేకుల షెడ్డు, షెడ్డులో ఇద్దరు పక్కపక్కన కూర్చునే చిన్న విమానం, గుడ్డ రెక్కలది. ఆయన దానితో ఎవరినీ ఎక్కడికీ చేరవెయ్యడు. పొద్దున్నే ఎగిరి, నాలుగు ఊళ్ళు చుట్టి, ఎక్కడ లేచాడో అక్కడే దిగుతాడు. సైదా బాబాయి డీజిల్ ఇంజన్ల మెకానిక్. పదేళ్ళుగా ఆ షెడ్డులో మామయ్యకు తోడు. ఆ రోజు ఏడింటికి టీ ఫ్లాస్కు తీసుకుని వెళ్ళేసరికి మామయ్య షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో, గాలి ఎటు వీస్తోందో చూపే గాలిగుడ్డ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడట. రెండుసార్లు పిలిచాడట. గుండె ఆగిపోయి ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు.

మా అమ్మ నరసరావుపేట నుంచి కారులో వస్తూ నకరికల్లులో మంచినీళ్ళ కోసం ఆగితే, అక్కడ కొట్టు దగ్గర ఎవరో "దుర్గి కాడ విమానం కూలిందంటగా" అనుకుంటున్నారట. మాచర్లలో ఇంటికి వచ్చిన ప్రతివాడిదీ అదే ప్రశ్న. ఎవరో దూరపు చుట్టం పొగ కూడా చూశానన్నాడు. శవం ఒంటిమీద చిన్న గీత కూడా లేకపోయేసరికి, తప్పు చెప్పారేమోనన్నట్టు కొందరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ముందుకొచ్చి, "ఆయన విమానంలో పోలేదు, కుర్చీలో పోయాడు" అని గట్టిగా అన్నాను. అన్నాక తెలిసింది, అరవటానికి నాకేం హక్కుందని. ఆ పుకారును ఇన్నేళ్ళూ సాకింది నేనే.

మా చుట్టాల్లో ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు అడిగేవారు, "మీ మామయ్య విమానం ఎట్టా ఉందే?" అని. "అది విమానమేంటి, ఎగిరే స్కూటరు. ఏదో ఒక రోజు పడతాడు, చూడండి," అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. ఇంట్లో పైలట్‌ని కాబట్టి నా మాటకు విలువెక్కువ. డాక్టరు ఉన్న ఇంట్లో జ్వరం గురించి ఇంకెవరూ మాట్లాడనట్టే, మా ఇంట్లో గాలి గురించి నేను తప్ప ఇంకెవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

మామయ్య కూడా తక్కువ తినలేదు. అదే పెళ్ళిళ్ళలో అటు పక్క కుర్చీలోంచి, "మా మేనకోడలు ఆకాశంలో బస్సు డ్రైవరు. టైముకు పోవాల, టైముకు రావాల. కిటికీలోంచి చూసే తీరిక కూడా ఎనకాల కూర్చున్నోళ్ళకే," అనేవాడు. నాకు రోషం వచ్చేది. వేల గంటలు ఎగిరినదాన్ని, ఆర్నెల్లకోసారి పరీక్షకు కూర్చునేదాన్ని, నూట ఎనభై మందిని వెనక కూర్చోబెట్టుకుని వానలో దింపేదాన్ని. ఈయన తోచక చేసే పనికీ నా ఉద్యోగానికీ పోలికేమిటని.

మా కాక్‌పిట్లలో ఇలాంటివాళ్ళ గురించి మాట్లాడుకునే తీరు ఒకటుంది. 'ఆదివారం పైలట్లు' అంటాం. వాళ్ళకు చదువు తక్కువ, సరదా ఎక్కువ అని మా లెక్క. కొందరి విషయంలో అది నిజం కూడా. మామయ్య విషయంలో నిజమో కాదో చూసే ఓపిక నాకు ఏనాడూ లేకపోయింది.

నిజానికి ఆ ఎగిరే పిచ్చి ఆయనకు నా వల్లే అంటుకుంది. నేను ఫ్లయింగ్ స్కూల్లో చేరినప్పుడు నాన్నకు సెలవు దొరక్క మామయ్యే తోడొచ్చాడు. నన్ను హాస్టల్లో దింపి ఆ సాయంత్రమే రైలెక్కాల్సిన మనిషి, నాలుగు రోజులు అక్కడే ఉండిపోయాడు. పొద్దున్నే కంచె దగ్గర నిలబడి, దిగే విమానాల్ని చూస్తూ ఉండేవాడు. "ఏమే, అది దిగేటప్పుడు చివర్లో ముక్కు పైకెత్తుద్దే, అది ఎవురు జెప్తారు దానికి?" అని అడిగాడు. నేను పుస్తకంలో చదివింది అప్పజెప్పాను. ఆయన తలూపాడు కానీ, అది తనకు కావలసిన జవాబు కాదని మొహంలోనే తెలిసింది. చాలా ఏళ్ళ తర్వాత, యూనిట్ కాస్త నిలదొక్కుకున్నాక, రాళ్ళ బేరమని ఇంట్లో చెప్పి ఉత్తరాదికి వెళ్ళి, నెలల తరబడి అక్కడే ఉండి లైసెన్సు తెచ్చుకున్నాడు. సంగతి బయటపడ్డ రోజు అత్త, "రాళ్ళమ్ముతానని పోయి గాలి కొనుక్కొచ్చాడు మీ మామయ్య," అంది.

ఆ రన్‌వేకు అనుమతుల కోసం ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో లెక్కలేదు. అంచుల వెంట పనికిరాని నాపరాతి ముక్కలు పాతి సున్నం కొట్టించాడు. పడమర నల్లమల కొండలు. ఎండెక్కితే ఆ వైపు నుంచి వచ్చే గాలి మంచిది కాదు. అందుకని పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపల ఎగిరితే ఎగిరినట్టు, లేకపోతే లేదు. ఎనిమిది దాటాక ముఖ్యమంత్రి వచ్చి అడిగినా ఎక్కించుకోనని అనేవాడు. "గాలి మనకి చుట్టం కాదే, మొహమాటపడటానికి" అనేది ఆయన మాట.

ఎగిరే ముందు ఆయన చేసే పని చూస్తే నాకు నవ్వొచ్చేది. ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు గాజుసీసాలోకి తీసి, నీటిచుక్క ఉందేమోనని వెలుతురులో పెట్టి చూసేవాడు. తర్వాత చెప్పులు విడిచి విమానం చుట్టూ తిరిగేవాడు. ప్రతి బోల్టూ వేలితో తాకేవాడు, రెక్క గుడ్డను అరచేత్తో నిమిరేవాడు. చివర్న, పక్కన ఎవరూ కూర్చోని రోజైతే కుడి సీటు బెల్టును ఖాళీ సీటుకే బిగించేవాడు. వదులుగా ఉంటే గాల్లో చేతికి అడ్డం పడుతుందని. ఒకసారి అడిగాడు, "నువ్వు నీ విమానాన్ని ముట్టుకుంటావా?" అని.

"చుట్టూ తిరిగి చూస్తాం మామయ్యా. ముట్టుకోవటానికి ఇంజినీర్లుంటారు."

"ముట్టుకోవు గదా," అన్నాడు.

"వాళ్ళు సంతకం పెడితేనే నేను ఎక్కేది."

"సంతకం ముట్టుకుంటావన్నమాట."

సైదా బాబాయి అటు తిరిగి నవ్వాడు. నాకు మండిపోయింది. అలాంటి వాదనలు మా ఇద్దరి మధ్య ఎన్ని జరిగాయో. ఒక్కదాంట్లోనూ ఆయన గొంతు పెంచలేదు. పెంచింది నేనే.

ఇప్పుడు మీకు చెప్పాల్సింది ఒకటుంది. దీన్ని చెప్పటానికే ఈ నాలుగు పేజీలూ రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట, మిరపకాయలు కళ్ళాల్లో పోసే రోజుల్లో, నేను రెండు రోజుల సెలవు మీద మాచర్ల వెళ్ళాను. అత్త ఆ విమానం ఎక్కనని ఎనిమిదేళ్ళు మొండికేసి, చివరికి ఆ వారమే మెత్తబడింది. దానికి కారణం నేనే. "ముందు నేను ఎక్కి చూసొస్తా అత్తా. బాగుందంటే నువ్వెక్కు," అన్నాను. పెద్ద పైలట్ చూసి చెబుతానంటే ఆమెకు ధైర్యం వచ్చింది. మామయ్య ఆమె కోసం తెల్ల కాన్వాసు బూట్లు తెచ్చాడు, చీరమీదికి బూట్లేంటని ఆమె సిగ్గుపడుతుంటే తనే కింద కూర్చుని లేసులు కట్టాడు. ఆ పొద్దున టిఫిన్ క్యారియరు పక్కన పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని, తన వంతు కోసం అత్త షెడ్డు ముందు నిలబడి ఉంది. మామయ్య మొహంలో ఆ రోజున్నంత సంబరం నేను ఆయన కూతురి పెళ్ళిలో కూడా చూడలేదు.

మేమిద్దరం లేచాం. నిజం చెప్పొద్దూ, అదొక వేరే లోకం. చేలల్లో మనుషులు తలెత్తి చెయ్యి ఊపటం కనపడింది. కళ్ళాల్లో ఎర్రగా మిరప. నా విమానంలోంచి పల్నాడు అంతా కలిపి రెండు నిమిషాలు, గోధుమరంగు తప్ప ఏమీ కనపడదు. "ఏమే కెప్టెనూ, నీ కాళ్ళు నిద్రపోతన్నయ్యి, లేపు," అన్నాడు మామయ్య. పెద్ద విమానంలో తిరిగేటప్పుడు పాదాలతో పెద్దగా పనుండదు, ఇందులో ప్రతి మలుపుకూ ఉంటుంది. నాకు రోషమొచ్చి, "నేనే దింపుతాను," అన్నాను.

"దింపు. ఒక్కటి గుర్తుపెట్టుకో. నువ్వు మేడమీద కూర్చోలా, నేలమీద కూర్చున్నావు."

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. మా పెద్ద విమానంలో పైలట్ కూర్చునే చోటే రెండంతస్తుల మేడంత ఎత్తు. చక్రాలు నేలను తాకేటప్పుడు కూడా మా కళ్ళు అంత ఎత్తునే ఉంటాయి. ముక్కు ఎప్పుడెత్తాలో చేతికి ఆ ఎత్తునుంచే అలవాటు. ఈ చిన్నదాంట్లో అదే ఎత్తున ముక్కెత్తితే, వేగం చచ్చి నడిగాల్లో నిలబడిపోతుంది. చిన్న విమానం ఎక్కిన ఎయిర్‌లైన్ పైలట్లు చేసే తప్పు ఇదేనని మాలో అందరికీ తెలుసు. తెలిసి, అదే చేశాను. పద్నాలుగేళ్ళ అలవాటు, చేతులు వాటంతటవే లాగేశాయి.

విమానం ఒక్కసారిగా కిందికి జారింది. మామయ్య చెయ్యి నా చెయ్యి మీదుగా వచ్చి ముక్కు దించి, ఇంజన్ పూర్తిగా పెంచింది. విమానం సగమే తేరుకుంది. ఎడమ చక్రం దబ్బున తగిలి, దాని కాలు వంగి, మేము పక్కకు ఈడ్చుకుపోయి పత్తికట్టెలో ఆగాం. ఒకరికీ దెబ్బ తగల్లేదు. ఆ ఒక్క క్షణం ఆయన చెయ్యి రాకపోతే ఈ స్మృతి రాసే మనిషి ఉండేది కాదు.

అత్త అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. నేను బెల్టు కూడా విప్పలేకుండా ఉన్నాను. మామయ్య ముందు దిగి, రెండు చేతులూ ఎత్తి, "నాదే, నాదే. నేనే సరిగ్గా జూసుకోలా," అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. తర్వాత వచ్చింది కానీ నేనే మింగేశాను. చట్టప్రకారం ఆ విమానానికి కెప్టెన్ ఆయనే, బాధ్యత ఆయనదే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. సిగ్గు. ఎగిరే స్కూటరని వెక్కిరించినదాన్ని దింపలేకపోయానని నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గు. అత్త ఆ బూట్లు అక్కడే పత్తిచేలో విసిరికొట్టి, వట్టికాళ్ళతో రోడ్డు దాకా నడిచిపోయింది.

అయినా ఇది కూడా నా అసలు తప్పు కాదు. ఆ సాయంత్రం అత్త వంటింట్లో నా పక్కన కూర్చుని మెల్లగా అడిగింది, "అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. ఉన్నమాట జెప్పు. ఆయన పక్కన నేను కూర్చోవచ్చా?"

"వద్దులే అత్తా," అన్నాను.

రెండే మాటలు. ఆ రాత్రే అత్త మామయ్య చెయ్యి తన తలమీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది, ఆ రెండో సీట్లో ఇంకెవర్నీ ఎక్కించనని. తను మళ్ళీ ఆ చేను వైపు పోలేదు. మామయ్య ఒట్టు తప్పలేదు. నా మీద ఒక్క మాట చెప్పలేదు. మర్నాడు నేను హైదరాబాద్ చేరేసరికి ఫోన్ చేసి, "మీ కంపెనీలో పైలట్లకి పెట్టే అన్నంలో కారం ఉంటదా?" అని అడిగాడు. దేనికి చేశాడో అప్పుడు అర్థం కాలేదు. ఉండదు మామయ్యా అన్నాను. పెట్టేశాడు.

పోయే పది రోజుల ముందు మళ్ళీ చేశాడు. అదే ఆఖరు.

"ఏమే, కళ్ళాల్లో కాయ పోశారు. ఈసారి చానా బాగుంది పైనించి. మీ అత్త చూడాల. ఒట్టు ఆమె ఏయించుకుంది, ఆమె తియ్యాల. నువ్వొచ్చి ఒక్కమాట జెప్పు. నువ్వు చెప్తే ఇంటది."

"నేనేం చెప్పాలి మామయ్యా?"

"ఆయన బానే తోలతాడని జెప్పు, చాలు."

నిజం చెప్పమని అడగలేదు. అప్పుడు కూడా అడగలేదు. "సరే, వచ్చినప్పుడు చెప్తాలే," అన్నాను. "నీ డ్యూటీ రోస్టరు చూసుకో ముందు," అని నవ్వాడు.

మూడో రోజు, జనం పలచబడ్డాక, సైదా బాబాయి నన్ను షెడ్డుకు తీసుకెళ్ళాడు. బల్లమీద మామయ్య కళ్ళజోడు, దానికింద ఒక లావుపాటి నోటుబుక్కు. పైలట్లందరికీ లాగ్‌బుక్కు ఉంటుంది, ఎగిరిన గంటలు రాసుకోవటానికి. అది ఆయనకు విడిగా ఉంది. ఇది వేరు. ఇందులో ఎగరని రోజులు కూడా రాశాడు.

"పడమటి గాలి. దుమ్ము. ఎగరలేదు."

"సైదా కూతురి పెళ్ళి చూపులు. మనసంతా అక్కడే ఉంది. ఎగరలేదు."

"రాత్రి పొద్దుపోయేదాకా యూనిట్లో లోడు. నిద్ర చాల్లేదు. ఎగరలేదు."

"ఇంట్లో గొడవ. తప్పు నాదే అనిపిస్తోంది. ఎగరలేదు."

"అన్నీ బాగున్నాయి. ఎందుకో చెయ్యి రాలేదు. ఎగరలేదు."

పేజీలకు పేజీలు. ఎగిరిన రోజులకన్నా ఎగరని రోజులే ఎక్కువ. నా లాగ్‌బుక్కులో వేల గంటలున్నాయి. నేను మానుకున్నది ఒక్కటీ అందులో లేదు. నిద్ర చాలకపోయినా, ఇంట్లో గొడవైనా వెళ్ళిన రోజులు నాకు తెలుసు, నన్ను ఆపటానికి నా వెనక ఇన్ని నియమాలున్నా సరే. ఆయనకు అడిగేవాడు లేడు. తనను తనే ప్రశ్నించుకున్నాడు. అలాంటి మనిషిని పడతాడు, పడతాడు అని ఊరంతా నమ్మేలా చేశాను.

రెండేళ్ళ కిందటి పేజీ వెతికాను. "అమ్మాయి వచ్చింది. దిగేటప్పుడు గట్టిగా తగిలింది. ఎడమ కాలు వంగింది. నేను చెయ్యి ఒక్క క్షణం ముందు వెయ్యాల్సింది. తప్పు నాది." ఆ కిందే మర్నాటిది: "కాలు బాగుచెయ్యటం. ఎగరలేదు. అమ్మాయి మొహం చిన్నబోయింది. ఏదో ఒకటి అడుగుతూ ఫోన్ చెయ్యాలి."

సైదా బాబాయి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "నాకు తెలుసమ్మా," అన్నాడు. "అన్న దింపితే అట్టా దిగదు. నేను అడిగితే, 'నోర్మూసుకుని కాలు సాగగొట్టు' అన్నాడు."

చివరి పేజీ తిప్పాను. ఆయన పోయిన పొద్దున రాసింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

"గాలి లేదు. ఆకాశం శుభ్రం. ఎడమ చెయ్యి లాగుతోంది, చెమట. ఎగరలేదు."

ఇంతే. అది రాసి, పుస్తకం మూసి, కళ్ళజోడు దానిమీద పెట్టి, బయటికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. జేబులో ఫోన్ ఉంది. సైదా బాబాయికి చెయ్యలేదు. అత్తకు చెయ్యలేదు. చెయ్యి లాగితే విమానం ఎక్కకూడదని తెలిసిన మనిషికి డాక్టరు దగ్గరికి పోవాలని తోచలేదు. పైలట్‌గా చెయ్యాల్సింది చేసేశాడు, ఇక తగ్గేదాకా కూర్చుంటే చాలనుకున్నాడు. ఆ పేజీ చూసి నేను ఏడవలేదు. కోపమొచ్చింది. బల్లమీద చేత్తో కొట్టాను. విమానాన్ని బోల్టు బోల్టూ తడిమి చూసుకునేవాడివి, నిన్ను నువ్వు ఒక్కసారి చూసుకోవద్దా మామయ్యా?

పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక, ఆ సాయంత్రం అదే వంటింట్లో అత్త పక్కన కూర్చుని అంతా చెప్పాను. నేను దింపానని. నేను కూల్చబోయానని. ఆయన చెయ్యి వేశాడని. ఆయన తనమీద వేసుకుంటే నేను ఊరుకున్నానని.

అత్త పొయ్యి ఆపి నా వైపు తిరిగింది.

"ఆ రోజు ఇక్కడే కూర్చుని నిన్ను అడిగా, గుర్తుందా?" అంది.

"ఉంది అత్తా."

"ఆయన్ని అడగలా. నిన్నే అడిగా."

నేను తల దించుకున్నాను.

"నీ మాట మీద రెండేళ్ళు ఆయన మొహానే తలుపేశా. ఎన్ని పొద్దులు పక్కన కూర్చుని బతిమాలాడో నీకు తెలవదు. చంటిబిడ్డలాగా. నువ్వు ఉన్నమాట చెప్పినట్టయితే ఎక్కేదాన్ని అమ్మాయ్. మర్నాడే ఎక్కేదాన్ని."

అరవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి నాకు అన్నం పెట్టి, తను తినకుండా వెళ్ళి పడుకుంది.

మర్నాడు ఇంకా తెల్లవారకముందే నా భుజం పట్టి లేపింది. "లెయ్. చేను కాడికి పోదాం." మా అమ్మ గాభరాపడి, ఇంకా నెల కూడా తిరగలేదు, గడప దాటకూడదు, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారని అడ్డమొచ్చింది. "ఏమనుకుంటే ఏందొదినా, అనుకోనీ," అని అత్త కారెక్కి కూర్చుంది.

సైదా బాబాయి మా కోసమే ఉన్నట్టు షెడ్డు దగ్గరే ఉన్నాడు. అత్త విమానం చుట్టూ ఒకసారి తిరిగింది. రెక్క గుడ్డ మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసింది. తర్వాత కుడి వైపు వచ్చి నిలబడింది. సీటుకు బెల్టు బిగించి ఉంది, ఆయన బిగించిందే. రెండేళ్ళుగా ఎవరూ కూర్చోని ఆ సీటు మీద దుమ్ము లేదు.

"ఇది ఎవురు తుడుస్తారు?" అని అడిగింది.

"అన్నే, రోజూ. అన్న పోయాక నేను," అన్నాడు సైదా బాబాయి. అని, పైన అలమర్లోంచి ఒక సంచి దించాడు. అందులో తెల్ల కాన్వాసు బూట్లు. పత్తిచేలోంచి ఏరుకొచ్చి, కడిగి, లేసులు కొత్తవి వేయించి దాచాడట మామయ్య.

అత్త అక్కడే నేలమీద కూర్చుని అవి తొడుక్కుంది. నేను లేసులు కట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి తనే కట్టుకుంది. లేచి, "బెల్టు నువ్వు తియ్. ఆయన పెట్టింది, నాకు చేతులాడవు," అంది. తీశాను. ఎక్కి కూర్చుంది. "ఇప్పుడు పెట్టు," అంది. పెట్టాను. ఆమె చేతులు మోకాళ్ళ మీద కదలకుండా ఉన్నాయి.

ఎడమ సీటు వైపు ఒక్కసారి చూసింది. తర్వాత ఎదురుగా చూస్తూ ఉండిపోయింది. సైదా బాబాయి షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచాడు. సున్నం కొట్టిన నాపరాళ్ళ మధ్య రన్‌వే అటు చివరిదాకా కనపడింది. కొయ్యమీద గాలిగుడ్డ కదలకుండా వేలాడుతోంది. ఆయన ఎగిరే పొద్దులు ఇలాగే ఉండేవి.